వెళ్ళుట, వెళ్ళివచ్చుట, వెళ్ళి తెచ్చుట

మన యిండ్లలో గడప దాటువారు "పోతాను" అనరు. పొరపాటున అన్నచో పెద్దలు వెనుకకు పిలిచి, "పోయివస్తాను అనవలెను" అని మరల చెప్పింతురు. భవానీపురములో పున్నమి ఘాటు వద్ద పడవ యెక్కి భవానీ ద్వీపమునకు బయలుదేరువారు సైతము ఒడ్డున నిలిచినవారితో "వెళ్ళివస్తాము" అనియే చెప్పుదురు. ఆ ఒక్క మాటలో రెండు సంగతులు ఇమిడియున్నవి. మొదటిది వెళ్ళుట, రెండవది, బయలుదేరిన చోటును మరువక మరల అచ్చటికే చేరుట. ఇక అంగడికి పంపబడిన పిల్లవాని మాట వేరు. వాడు "వెళ్ళి తెస్తాను" అనును. వాడు క్షేమముగా తిరిగి వచ్చినంత మాత్రమున చాలదు. చేతిలో సరకు ఉండవలెను.

కంప్యూటరునకు పని చెప్పుటకు ఏర్పడిన బేసిక్ భాషలో ఈ మూడు మాటలకును సరిగా మూడు ఏర్పాట్లు కలవు. గోటూ అనునది వెళ్ళుట. గోసబ్ అనునది వెళ్ళివచ్చుట. ఫంక్షను అనునది వెళ్ళి తెచ్చుట. మూడును వరుస తప్పించి యంత్రమును వేరొక చోటికి పంపునవే. కాని బయలుదేరునపుడు యంత్రము దేనిని గుర్తుంచుకొనును అను ఒక్క ప్రశ్న వేసినచో వాటి భేదమంతయు తేటపడును. గోటూ దేనిని గుర్తుంచుకొనదు. గోసబ్ బయలుదేరిన చోటును గుర్తుంచుకొనును. ఫంక్షను చోటును గుర్తుంచుకొనుటయే గాక, వచ్చునపుడు ఒక విలువను వెంట తెచ్చును. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతే. ఐనను ఈ చిన్న భేదము ఎంత పెద్ద చిక్కులకు మూలమగునో, వాటినుండి తప్పించుకొనుటకు ఎట్టి యుక్తులు పుట్టినవో తెలిసికొనుట వినోదముగను, లాభకరముగను ఉండును.

బేసిక్ భాష పుట్టినది అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో. అచ్చటి గణితాచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఇరువురు దానిని రూపొందించిరి. 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ భాషలోని మొదటి ప్రోగ్రాము నడచెను. అంతవరకు కంప్యూటరు అనునది గణితశాస్త్రజ్ఞులకును, ఇంజనీర్లకును మాత్రమే అందుబాటులో ఉండెడి వస్తువు. సాహిత్యము, చరిత్ర చదువు విద్యార్థులు కూడ దానిని వాడుకొనగలుగవలెనని ఆ ఆచార్యుల సంకల్పము. అందుచేతనే ఆ భాషలోని ఆజ్ఞలు బహు కొద్ది; అవి కూడ సామాన్యమైన మాటలే. కెమెనీ 1992లోను, కర్ట్జ్ 2024 నవంబరులోను దివంగతులైరి. వారి భాష మాత్రము ప్రపంచమునందలి యెన్నో యిండ్లకు, బడులకు చేరినది. మన దేశములో 1984లో బడిపిల్లలకు కంప్యూటరు నేర్పుటకై ప్రభుత్వము ప్రారంభించిన పథకమునకు బి.బి.సి. మైక్రో అను కంప్యూటర్లను ఎన్నుకొనిరి. ఒక రేడియో సంస్థ పేరు కంప్యూటరునకు ఉండుట విడ్డూరముగా తోచవచ్చును. కాని బ్రిటిషు ప్రసార సంస్థయే తన శ్రోతలకు, ప్రేక్షకులకు కంప్యూటరు విద్య నేర్పుటకై ఆ యంత్రమును చేయించినది. ఆ యంత్రము మాటలాడిన భాషయు బేసిక్కే.

ఆ కాలపు బేసిక్‌లో ప్రతి వాక్యమునకును ముందు ఒక సంఖ్య ఉండును. సాధారణముగా 10, 20, 30 అని పదేసి వదలి వ్రాయుదురు. నాట్లు వేయునపుడు తరువాత మందు చల్లువాడు నడచుటకు వీలుగా మధ్య కాలిబాట విడిచినట్లు, తరువాత జ్ఞప్తికి వచ్చిన వాక్యమును 15 అనియో, 25 అనియో నడుమ చేర్చుటకు ఈ యెడము. యంత్రము చిన్న సంఖ్యతో ఆరంభించి వరుసగా నడచును. "ఇచ్చటనుండి అచ్చటికి పొమ్ము" అని మనము చెప్పిననే తప్ప అది వరుస తప్పదు.

కృష్ణా తీరవాసులకు పరిచితమైన ఒక లెక్కను ఉదాహరణగా తీసికొందము. వర్షాకాలములో రేడియో పెట్టినచో ప్రకాశం బ్యారేజి వద్ద ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు విడుచుచున్నారని వినబడును. క్యూసెక్కు అనగా సెకండునకు ఒక ఘనపుటడుగు ప్రవాహము. జలాశయములలో నిలువయున్న నీటిని మాత్రము టి.ఎం.సి.లలో చెప్పుదురు. ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఒకటి ప్రవాహపు వేగము, మరియొకటి నీటి పరిమాణము. అందుచేత వినువారికి రెండింటికిని లంకె దొరకదు. రోజునకు 86,400 సెకండ్లు. కావున ఒక ప్రవాహము రోజంతయు ఒకే తీరున సాగినచో, క్యూసెక్కులను 86,400 చేత హెచ్చించి నూరు కోట్లచేత భాగించిన టి.ఎం.సి.లు వచ్చును. లక్ష క్యూసెక్కుల ప్రవాహము రోజంతయు సాగినచో 8.64 టి.ఎం.సి.లు.

ఈ లెక్క చేయుటకును, ప్రవాహము హద్దు మీరినపుడు హెచ్చరించుటకును ఒక చిన్న ప్రోగ్రాము ఇట్లుండును. హద్దుగా తీసికొన్న నాలుగు లక్షలు లెక్క సులభముగా ఉండుటకు మేము పెట్టుకొన్నవే గాని అధికారులు నిర్ణయించినవి కావు.

10 డెఫ్ ఎఫ్‌ఎన్‌టి(ఎక్స్) = ఎక్స్ * 86400 / 1000000000
20 ఇన్‌పుట్ క్యూ
30 ఇఫ్ క్యూ = 0 దెన్ 80
40 గోసబ్ 200
50 ప్రింట్ ఎఫ్‌ఎన్‌టి(క్యూ)
60 గోటూ 20
80 ప్రింట్ "సెలవు"
90 ఎండ్
200 ఇఫ్ క్యూ < 400000 దెన్ 230
210 ప్రింట్ "హెచ్చరిక"
220 రిటర్న్
230 ప్రింట్ "ప్రవాహము సాధారణము"
240 రిటర్న్

పదవ వాక్యము లెక్క యెట్లు చేయవలెనో ముందుగా చెప్పి ఉంచుచున్నది. ఇరువదవది ప్రవాహమెంతయని మనలను అడుగును. మనము సున్న చెప్పినచో పని ముగిసినట్లు. యంత్రము 80కి పోయి సెలవు పుచ్చుకొనును. లేనిచో నలుబదవ వాక్యము 200కు వెళ్ళి, హెచ్చరిక కావలెనో లేదో చూచి వచ్చును. ఏబదవది టి.ఎం.సి.ల లెక్క కట్టి చూపును. అరువదవది మరల మొదటి ప్రశ్నకు పంపును. ఇందులో మన మూడు మాటలును ఉన్నవి.

మొదట గోటూ సంగతి. అరువదవ వాక్యములోని గోటూ వలన హాని లేదు. మరల అడుగుటకు వెనుకకు పోవుచున్నదని చూచినంతనే తెలియును. ముప్పదవ వాక్యములోని "దెన్ 80" అనునది కూడ గోటూయే. కాకున్న ఒక షరతునకు లోబడినది. ఇట్టివి రెండు మూడు ఉన్నంతవరకు బాధ లేదు. ఐదారువందల వాక్యముల ప్రోగ్రాములో ఏబది అరువది గోటూలు ఉన్నవనుకొనుడు. మనము 340వ వాక్యము వద్ద నిలిచి, "యంత్రము ఇచ్చటికి ఎచ్చటినుండి వచ్చినది?" అని ప్రశ్నించుకొన్నచో సమాధానము దొరకదు. పై వాక్యమునుండి వరుసగా వచ్చియుండవచ్చును. 120 నుండి దుమికియుండవచ్చును. 510 నుండి వెనుకకు వచ్చియుండవచ్చును. ఎట్లు వచ్చినదో తెలియనిదే అప్పటికి క్యూ అను దాని విలువ యెంతో నమ్మకముగా చెప్పలేము. బ్యారేజి గేట్లు దాటిన నీరు ఏ ఉపనదినుండి వచ్చినదో గేటును అడిగి తెలిసికొనలేము గదా. మున్నేరు నీరును, పైనుండి వచ్చిన కృష్ణ నీరును కలిసిపోయినవి.

ఈ చిక్కునే హాలండు దేశపు శాస్త్రజ్ఞుడు ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1968 మార్చిలో ఒక శాస్త్రపత్రికకు వ్రాసిన లేఖలో ఎత్తిచూపెను. గోటూ హానికరమని చాటు శీర్షికతో అది వెలువడినది. ఆ శీర్షిక పెట్టినవారు మాత్రము ఆయన కాదు, ఆ పత్రిక పక్షమున దానిని ప్రకటించిన నిక్లాస్ విర్త్. అంతకు రెండేండ్ల క్రితమే, 1966లో, ఇటలీ దేశీయులైన బోమ్, జాకోపీని అనువారు గోటూ లేకున్నను ఏ లెక్కనైనను వ్రాయవచ్చునని సిద్ధాంతరీత్యా చూపియుండిరి. వరుసగా నడచుట, షరతును బట్టి రెండింటిలో ఒకటి ఎన్నుకొనుట, ఒక పనిని మరల మరల చేయుట - ఈ మూడును ఉన్నచో చాలునని వారు తేల్చిరి. పెద్ద వాదమే చెలరేగినది. 1974లో డొనాల్డ్ కనూత్ అను పండితుడు ఒక సుదీర్ఘ వ్యాసమున ఇరుపక్షములను పరిశీలించి, కొన్ని చోట్ల గోటూ ఉపయోగకరమే యని, దానిని తెలిసి వాడవలెనని చూపెను. ఏమైనను నేటి భాషలలో దాని ప్రాబల్యము తగ్గినది. నేడు బడులలో నేర్పుచున్న పైథాన్ భాషలో గోటూ లేనే లేదు. జావా భాషవారు ఆ మాటను ఎవరును వాడకుండ భద్రపరచి, దానికి పని మాత్రము ఇయ్యలేదు.

ఇక గోసబ్. దీనిని అర్థము చేసికొనుటకు రేడియో గలవారికి కష్టము లేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. దశాబ్దముల తరబడి తెలుగు వార్తలు ఢిల్లీనుండి చదువబడెడివి. వేళ కాగానే విజయవాడ కేంద్రము తన కార్యక్రమమును నిలిపి ఢిల్లీకి అప్పగించును. వార్తలు ముగియగానే మరల విజయవాడ కంఠము వినబడును. అప్పగించునపుడు మా డ్యూటీ ఆఫీసరు ముందున్న పట్టికలో తరువాతి అంశమేదో వ్రాసియుండును. ఢిల్లీలో చదువువారికి విజయవాడ పట్టికతో నిమిత్తము లేదు. అదే వార్తలను హైదరాబాదు, కడప కేంద్రములు కూడ అందుకొనుచుండెడివి. వార్తలు ముగిసినంతనే ఎవరి పట్టికకు వారు తిరిగి వచ్చెడివారు. ఢిల్లీలో ఒక్కమారు చదివినది ఇన్ని కేంద్రములకు సరిపోయెడిది. సబ్‌రొటీను అనగా సరిగా ఇదియే. ఒక్కమారు వ్రాసి ఉంచిన పని. ఎవరు పిలిచినను చేసిపెట్టును. ముగియగానే పిలిచినవాని తరువాతి వాక్యమునకు తిరిగి పంపును. పై ప్రోగ్రాములో 200 మొదలు 240 వరకు ఉన్నది అట్టి సబ్‌రొటీను. నలుబది నుండి పిలిచినచో రిటర్న్ ఏబదికి తెచ్చును. వేరొక చోటు నుండి పిలిచినచో ఆ చోటికే తెచ్చును.

సబ్‌రొటీను మరియొక సబ్‌రొటీనును పిలిచినచో ఏమగును? ఇదియు రేడియోలో ఉన్నదే. విజయవాడ ఢిల్లీకి అప్పగించును. ఢిల్లీ ఒక క్రీడామైదానములోని వ్యాఖ్యాతకు అప్పగించును. వ్యాఖ్యాత ముగించినపుడు నేరుగా విజయవాడకు రాడు; ఢిల్లీకి అప్పగించును. ఢిల్లీ ముగించిన పిమ్మట విజయవాడ. చివర బయలుదేరినది మొదట తిరిగి రావలెను. కంప్యూటరు ఇందుకొరకు తిరిగి రావలసిన చోట్లను విస్తరాకుల దొంతరవలె ఒకదానిపై ఒకటి పేర్చును. గోసబ్ వచ్చినపుడెల్ల ఒక ఆకు పైన పెట్టును. రిటర్న్ వచ్చినపుడెల్ల పై ఆకును తీసి, అందు వ్రాసియున్న చోటికి పోవును. దొంతరకు అడుగున ఉన్న ఆకు చివరివరకు అచ్చటనే ఉండును.

ఇంత తేలికగా తోచు ఈ యుక్తి కనిపెట్టుటకు మహామహులే తలలు పట్టుకొనిరి. 1945లో అలన్ ట్యూరింగ్ తన కంప్యూటరు ప్రణాళికలో తిరిగి రావలసిన చోటును దాచుటకు పాతిపెట్టుట అనియు, దానిని మరల తీయుటకు త్రవ్వితీయుట అనియు అర్థమిచ్చు మాటలను వాడెను. కేంబ్రిడ్జిలో 1949 మే 6న మొదటిసారి పని చేసిన ఎడ్‌సాక్ యంత్రములో తిరుగుచోటును ఉంచుటకు ప్రత్యేకమైన అర లేదు. అప్పుడు డేవిడ్ వీలర్ అను యువకుడు, సబ్‌రొటీను చివరనున్న ఆజ్ఞనే అప్పటికప్పుడు మార్చి, వచ్చిన చోటికే పంపునట్లు ఒక ఉపాయము పన్నెను. అందుచేత సబ్‌రొటీనులను పుస్తకములవలె భాండాగారమున చేర్చి, కావలసినవారు తీసికొని వాడుకొనుట సాధ్యమైనది. విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు దీనిపై 1951లో ఒక గ్రంథమునే ప్రకటించిరి.

మాకు ఈ విద్య తలకెక్కినది ఒక తప్పు వలననే. చదువుకొనుచున్న రోజులలో మేము భవానీపురములో ఒక చిన్న శిక్షణాలయమున బేసిక్ నేర్చుకొనుచుంటిమి. పైన చూపిన ప్రోగ్రాము వంటిదానినే వ్రాసితిమి. 220వ వాక్యమున రిటర్న్ అని వ్రాయుటకు బదులు "గోటూ 20" అని వ్రాసితిమి. హెచ్చరిక చూపిన తరువాత ఎట్లును మరల మొదటికే పోవలెను గదా, చుట్టుత్రోవ యెందుకని మా తెలివి. ఏబది వేలు, లక్ష, రెండు లక్షలు ఇచ్చి చూచితిమి. అన్నిటికిని సరియైన సమాధానమే వచ్చినది. గర్వముతో ఉపాధ్యాయుని పిలిచితిమి. ఆయన ఆరు లక్షలు అని ఇచ్చెను. తెరపై "హెచ్చరిక" అని వచ్చినది. టి.ఎం.సి.ల లెక్క మాత్రము రాలేదు. మరుసటి అంకె కొరకు ప్రశ్నార్థకము నిలిచియున్నది. 220 నుండి 20కి దుమికినపుడు లెక్క చూపవలసిన ఏబదవ వాక్యమును దాటిపోయినదని అప్పుడు గాని మాకు తెలియలేదు. నది ప్రశాంతముగా ఉన్నన్నాళ్ళు ఒప్పుగా నడచి, వరద వచ్చిననాడే తప్పు చేయు ప్రోగ్రామును వ్రాసితిమన్నమాట.

ఆయన అంతటితో విడువలేదు. ఇరువదవ వాక్యమును మార్చి, యంత్రము మనలను అడుగక ఆరు లక్షలనే మరల మరల తీసికొనునట్లు చేసెను. "హెచ్చరిక", "హెచ్చరిక" అని తెర నిండి పైకి జరుగుచుండెను. కొంతసేపటికి హఠాత్తుగా ఆగి, జ్ఞాపకశక్తి చాలలేదని అర్థమిచ్చు "అవుట్ ఆఫ్ మెమరీ" అను మాట కనబడెను. ఇంత చిన్న ప్రోగ్రామునకు చోటు చాలకపోవుట యేమని మేము విస్తుపోతిమి. "వెళ్ళివస్తానని చెప్పి పోయినవాడు రాకపోతే, వాడికోసం పెట్టిన ఆకు అలాగే ఉంటుంది కదయ్యా" అని ఆయన నవ్వెను. ప్రతిసారియు గోసబ్ ఒక ఆకు పేర్చినది. మేము రిటర్న్ చేయక గోటూతో పారిపోవుటచే ఆ ఆకును ఎవరును తీయలేదు. వేలకొలది ఆకులు పేరుకొని వంటయిల్లు నిండినది.

ఇందుకు విరుద్ధమైన తప్పు మరియొకటి కలదు. తొంబదవ వాక్యమైన ఎండ్ మరచినచో, "సెలవు" అని చెప్పిన యంత్రము ఆగక వరుసగా 200కు జారిపోవును. ఎవరును గోసబ్ అని పిలువలేదు. ఐనను సబ్‌రొటీనులో ప్రవేశించినది. ఇది పిలవని పేరంటము. ప్రవాహము సున్నగదా, కావున "ప్రవాహము సాధారణము" అని ముద్రించి, 240 వద్ద రిటర్న్ చూచి, ఎచ్చటికి పోవలెనో తెలియక నిలిచిపోవును. గోసబ్ లేక రిటర్న్ వచ్చినదని 240వ సంఖ్యతో సహా తెరపై ఫిర్యాదు చేయును. మొదటి తప్పుతో పోల్చినచో ఇది మేలు. యంత్రమే పట్టి చూపును. దుమికి పారిపోయిన గోటూను యంత్రము వెంటనే పట్టలేదు. సరియైన అంకెలతోపాటు తప్పు కూడ చాల రోజులు కాపురముండును.

మూడవది ఫంక్షను. సబ్‌రొటీను తిరిగి వచ్చునే గాని చేతిలో ఏమియు తీసికొని రాదు. తాను చేసినదానిని వంటయింటి అలమారలో ఉమ్మడి డబ్బాలలో పెట్టిపోవును. క్యూ అను డబ్బా ప్రోగ్రాము అంతటికిని ఒక్కటే. సబ్‌రొటీను దానిలోని అంకెను మార్చినచో పిలిచినవానికిని మారిపోవును. ప్రధాన భాగమున ఐ అను పేరుతో లెక్కించుచు, సబ్‌రొటీనులోను అదే పేరుతో వేరొక లెక్క పెట్టుకొని, లెక్క యెందుకు తప్పుచున్నదో తెలియక రాత్రులు మేలుకొన్న విద్యార్థులు అనేకులు. ఒకే డబ్బాలో ఒకరు ఉప్పు, మరియొకరు పంచదార పోసినట్లు.

ఫంక్షను పద్ధతి అది కాదు. వడ్లు ఇచ్చిన బియ్యము ఇచ్చు మిల్లువంటిది అది. మనము ఇచ్చినదానిని తీసికొని, సమాధానమును మన చేతికే ఇచ్చును. పదవ వాక్యములోని ఎక్స్ అనునది ఇచ్చిన అంకెను పట్టుకొనుటకు తాత్కాలికముగా పెట్టుకొన్న పేరు మాత్రమే. ప్రోగ్రాములో వేరొక చోట ఎక్స్ అను డబ్బా ఉన్నను దానికి ముప్పు లేదు. అందుచేత ఫంక్షనును వాక్యము మధ్యలో, మరియొక లెక్కలో భాగముగా కూడ నిశ్చింతగా వాడవచ్చును. 2009 అక్టోబరు వరదలో ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11.10 లక్షల క్యూసెక్కులకు చేరినది. 2024 సెప్టెంబరు 2న అంతకును మించి 11.43 లక్షలకు చేరినది. రెండింటికిని భేదమెంతయని ఒక్క వాక్యములో అడుగవచ్చును:

ప్రింట్ ఎఫ్‌ఎన్‌టి(1143000) - ఎఫ్‌ఎన్‌టి(1110000)

ఆ ప్రవాహములు రోజంతయు అట్లే నిలిచినవనుకొన్నచో మొదటిది 98.755, రెండవది 95.904 టి.ఎం.సి.లు, భేదము సుమారు 2.85. బ్యారేజి వెనుక నిలువయుండు నీరు సుమారు మూడు టి.ఎం.సి.లు. రెండు వరదలకును గల భేదమే ఒక రోజులో దాదాపు ఒక బ్యారేజి నిండు నీరన్నమాట. 2024 నాటి ప్రవాహమైనచో ముప్పావు గంటలో బ్యారేజిని నింపగలదు. "11.43 లక్షల క్యూసెక్కులు" అని విన్నపుడు కలుగని భావము ఈ లెక్కతో కలుగును. ఘాటు మెట్లు మునిగిన భవానీపురము వారికి లెక్కతో పని లేకయే అది తెలిసియుండును.

మొదటి బేసిక్ భాషలలో ఇట్లు మనము ఏర్పరచుకొను ఫంక్షను ఒక్క వాక్యములో ఇమడవలసియుండెను. బి.బి.సి. మైక్రోలోని బేసిక్‌ను రచించిన సోఫీ విల్సన్ ఈ హద్దును తొలగించెను. అందులో ఫంక్షను ఎన్ని వాక్యములైనను ఉండవచ్చును. సబ్‌రొటీనునకు సంఖ్యకు బదులు పేరు పెట్టి పిలువవచ్చును. తన కొరకే ప్రత్యేకముగా డబ్బాలను ఉంచుకొనవచ్చును. "200కు వెళ్ళిరా" అనుటకన్న "హెచ్చరిక చూచిరా" అని పేరుతో చెప్పుట చదువరికి ఎంత సుఖము! నేటి భాషలన్నియు నడచుచున్న బాట ఇదే.

కాని ఆ సంఖ్యలు కూడ ఒకప్పుడు గొప్ప మేలు చేసినవి. ఆ కథ రేడియోకు సంబంధించినదే గనుక దానిని చెప్పక విడువలేము. హాలండు రేడియోలో హాబీస్కూప్ అను కార్యక్రమమువారు కంప్యూటరు ప్రోగ్రాములను ధ్వనిగా మార్చి గాలిలో ప్రసారము చేసెడివారు. సెకండునకు 1200 కంపనముల స్వరమొకటి, 2400 కంపనముల స్వరమొకటి, ఈ రెండును పెనవేసికొని కీచుమను ధ్వనిగా వినబడెడివి. శ్రోతలు రేడియోనుండి దానిని టేపురికార్డరుపై పట్టి, ఆ టేపును తమ కంప్యూటరునకు వినిపించెడివారు. చిక్కెచ్చటననగా, ఒక్కొక్క కంపెనీ కంప్యూటరునకు ఒక్కొక్క రకపు బేసిక్. తెరను తుడువవలెనన్న ఒకదానిలో ఒక ఆజ్ఞ, మరియొకదానిలో వేరొకటి. ఒకే ప్రసారము అన్ని యిండ్లలోను పని చేయుట యెట్లు?

అందుకు వారు 1980 తరువాతి ఏండ్లలో బేసికోడ్ అను ఒక ఒడంబడిక యేర్పరచిరి. వెయ్యికి లోపలి సంఖ్యలన్నియు ఇంటివారివి. వెయ్యి మొదలు పైవి రేడియోవారివి. తెర తుడుచు సబ్‌రొటీను ఏ యింటనైనను 100వ సంఖ్య వద్దనే ఉండవలెను. తెరపై ఒక చోట నిలుపునది 110. మీట నొక్కువరకు వేచియుండునది 210. చిన్న ధ్వని చేయునది 250. ఆ చోట్ల వ్రాయవలసినది ఏ కంప్యూటరుకు తగినట్లు ఆ కంప్యూటరువారు ముందే వ్రాసియుంచుకొనెడివారు. రేడియోలో వచ్చు ప్రోగ్రాము "గోసబ్ 100" అని మాత్రమే అనును. ప్రతి యింటను యంత్రము 100కు వెళ్ళి, ఆ యింటి పద్ధతిలో తెర తుడిచి, తిరిగి వచ్చును. లోపల ఏమి జరుగునో రేడియోవారికి తెలియనక్కరలేదు. తిరిగి వచ్చుననెడి నమ్మకమే చాలును. బి.బి.సి. రేడియోలోను, తూర్పు జర్మనీ రేడియోలోను కూడ ఈ పద్ధతిన ప్రోగ్రాములు ప్రసారమైనవి. గోటూతో ఇట్టి ఒడంబడిక సాధ్యము కాదు. 100కు దుమికినవాడు ఏ యింటి ఏ వాక్యమునకు తిరిగి రావలెనో ఎవరు చెప్పవలెను?

ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాములను కంప్యూటరే వ్రాసి ఇచ్చు కాలము వచ్చినది. బేసిక్ వాక్యసంఖ్యలు పిల్లలకు వింతగా కనబడవచ్చును. ఐనను వ్రాసినది మనిషియైనను యంత్రమైనను, అది ఒప్పో తప్పో చదివి చెప్పవలసిన భారము వాడుకొనువారిదే. అట్టివారికి మా అనుభవమునుండి మూడు సూచనలు. ప్రోగ్రాములో వెళ్ళుట కనబడిన చోటనెల్ల, ఆ దుముకుటలో ఏ వాక్యములు దాటిపోవుచున్నవో వ్రేలు పెట్టి చూడుడు. వెళ్ళివచ్చుట కనబడిన చోటనెల్ల, లోపలికి పోయిన ప్రతి దారియు రిటర్న్ వద్దనే ముగియుచున్నదో లేదో చూడుడు. వెళ్ళి తెచ్చుట కనబడిన చోటనెల్ల, తెచ్చినది కాక మరి దేనినైనను మార్చివచ్చినదేమో చూడుడు. ఈ పరీక్షను లక్ష క్యూసెక్కులతో మాత్రమే కాక పదునొకండు లక్షలతో కూడ చేయుడు. మేము ఆనాడు చేయనిది అదియే.

మా వేళ ముగిసినది. పట్టికలోని తరువాతి అంశమునకు అప్పగించుచున్నాము. వెళ్ళివస్తాము.